రక్తంలో అక్రమ నిర్మాణం

గంగిరేవు పురపాలక సంఘంలో పట్టణ ప్రణాళికా విభాగం సీనియర్ అసిస్టెంటు మద్దిల పానకాలరావుకి తన నలభై తొమ్మిదో ఏట, ఒక మంగళవారం మధ్యాహ్నం, క్యారేజీ విప్పబోతుండగా మూడు నక్షత్రాలు వచ్చాయి.

ఇరవై నాలుగేళ్ల సర్వీసులో ఆయనకి పై నుంచి ఏ గుర్తింపూ వచ్చింది లేదు. వచ్చిన మొదటి గుర్తింపు ఇదే. కవరు చించి కాగితం తీస్తే ఎడం పక్క పరీక్షల పేర్లు, మధ్యలో అంకెలు, కుడి పక్క ఆ అంకె ఎంతదాకా ఉండొచ్చో హద్దు. హద్దు దాటిన ప్రతి అంకె పక్కనా ల్యాబు వాళ్లు చిన్న నక్షత్రం గుర్తు పెట్టారు. పరగడుపు షుగరు వందలోపు ఉండాలి, నూట పద్దెనిమిది ఉంది. నక్షత్రం. ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు నూట యాభై దాటకూడదు, రెండు వందల అరవై రెండు ఉంది. నక్షత్రం. కాలేయానికి సంబంధించింది ఎస్‌జీపీటీ అని ఒకటి, నలభైలోపు ఉండాల్సింది అరవై ఎనిమిది ఉంది. నక్షత్రం.

పానకాలరావు క్యారేజీ విప్పకుండానే పక్కన పెట్టేశాడు.

ఫోను తీసి మూడో నక్షత్రం పేరు కొట్టాడు. ఫోను ఆయనకి పన్నెండు జబ్బులు చూపించింది. అందులో రెండు మన దేశంలో లేనివి. అయినా వాటి లక్షణాలు కూడా చదివాడు, అవీ ఉన్నట్టే అనిపించాయి. కడుపు ఎడం పక్క నొక్కి చూసుకుంటే నొప్పిగానే ఉంది. కాలేయం కుడి పక్క ఉంటుందని ఆ కిందే రాసి ఉంటే కుడి పక్క నొక్కాడు. అక్కడా నొప్పిగానే ఉంది. వాళ్ల నాన్న యాభై రెండో ఏట, ఎవరిదో పెళ్లి భోజనంలో, పప్పులో నెయ్యి వేయమని చెయ్యి చాపి అట్లాగే పక్కకి ఒరిగిపోయాడు. నలభై తొమ్మిదికీ యాభై రెండుకీ మధ్య ఎంతుందో వేళ్ల మీద లెక్క పెట్టాల్సిన పనిలేకపోయినా పానకాలరావు వేళ్ల మీదే లెక్కపెట్టాడు.

భార్య హైమావతికి చెప్పకూడదనుకున్నాడు. ఆ కాగితాన్ని తీసుకెళ్లి పార్కు స్థలాల రిజిస్టరులో పెట్టాడు. ఊళ్లో పార్కు స్థలాలన్నీ ఎప్పుడో ఇళ్లయిపోయాయి కాబట్టి ఆ రిజిస్టరు ఎవరూ తెరవరు.

ఈ పరీక్షల వెనక రాజధాని నుంచి వచ్చిన ఒక ఉత్తర్వు ఉంది. నలభై దాటిన ప్రతి ఉద్యోగికీ రక్తపరీక్షలు చేయించవలెనని, ‘సదరు పరీక్షలయందు తేలిన అతిక్రమణలపై తగు చర్య తీసుకొని నెలలోగా నివేదించవలెన’ని అందులో ఉంది. రాసినాయన ఉద్దేశం డాక్టరుకి చూపించుకోమని కావచ్చు. కానీ ఉత్తర్వుల్లో ఉద్దేశం చదివే అలవాటు గంగిరేవులో లేదు. అక్షరం మాత్రమే చదువుతారు.

కమిషనరు మృత్యుంజయరావు గారు శుక్రవారం నాడు విభాగాధిపతులందరినీ తన గదిలోకి పిలిచారు. ప్రణాళికా విభాగం అధికారి సెలవులో ఉన్నందున ఆ విభాగం తరఫున పానకాలరావు వెళ్లాడు. కమిషనరు గారికి ముప్పై ఎనిమిదేళ్లు. పరీక్షల వయసు రాలేదు కాబట్టి రక్తం గురించి నిర్భయంగా మాట్లాడగలరు.

“నలభై ఒక్కమందిని పరీక్షిస్తే ముప్పై ఏడుగురిలో అతిక్రమణలు బయటపడ్డాయి. ఇది ఈ సంస్థ ప్రతిష్ఠకి సంబంధించిన విషయం. ఈ ఫైలు ఎవరు చూడాలి?” అన్నారు.

అందరూ ఆరోగ్య విభాగం అధికారి వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు.

“క్షమించాలి సార్. మా విభాగం పరిధి దోమ వరకే. దోమ కడుపులోకి వెళ్లిన రక్తమైతే మాదే. మనిషి ఒంట్లో ఉండగా మాకు సంబంధం లేదు.”

కమిషనరు గారు ఆ మాటలోని న్యాయాన్ని గుర్తించి తలూపారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీశారంటే ఏదో ఒక కొత్త విధానం పుట్టబోతోందని లెక్క.

“మౌలికంగా ఆలోచిద్దాం. ఇక్కడొక హద్దు ఉంది. హద్దుని మించి కొంత భాగం అనుమతి లేకుండా పెరిగింది. దీన్ని మన చట్టంలో ఏమంటాం?”

అందరూ బల్ల మీది కళ్లజోడు వైపు చూశారు.

“అక్రమ నిర్మాణం అంటాం. అక్రమ నిర్మాణాలు ఎవరు చూస్తారు?”

అందరి తలలూ పానకాలరావు వైపు తిరిగాయి.

అట్లా ఆ ఫైలు ఆయన బల్ల మీదికి వచ్చింది. ముప్పై ఏడు నోటీసులు తయారుచేయాలి. అక్రమ కట్టడాలకిచ్చే నోటీసు నమూనా కంప్యూటర్లో ఉండనే ఉంది. పేరు, అతిక్రమణ వివరం మార్చుకుంటూ పోవడమే. ‘ఏడు దినములలోగా తగు సంజాయిషీ ఇవ్వని యెడల సదరు అదనపు భాగము పురపాలక సిబ్బందిచే కూల్చివేయించబడును’ అనే చివరి వాక్యం దగ్గర పానకాలరావు కొంచెం ఆగాడు. తీసేద్దామనుకున్నాడు. అయితే ఆ నమూనా కౌన్సిలు ఆమోదం పొందింది. అందులో కామా తీయాలన్నా తీర్మానం కావాలి. ఉండనిచ్చాడు.

హద్దు మించిన వాళ్లతో పేచీ లేకపోయింది. తక్కువ ఉన్న వాళ్లతోనే చిక్కొచ్చింది. టైపిస్టు సరోజినికి హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది తొమ్మిదే ఉంది. చాలాసేపు ఆలోచించి ‘పునాది స్థాయిలో నిలిచిపోయిన నిర్మాణము, ఆరు మాసములలో పూర్తి చేయవలెను’ అని రాశాడు. కమిషనరు గారు ఆ వాక్యం చూసి “సెభాష్” అన్నారు.

అక్షర క్రమంలో పందొమ్మిదో నోటీసు తనదే. ‘శ్రీ మద్దిల పానకాలరావు గారికి’ అని మొదలుపెట్టి, తన మూడు నక్షత్రాలూ వరసగా ఎక్కించి, కింద ‘కమిషనరు తరఫున’ అని తనే సంతకం పెట్టాడు. చిత్రమేమిటంటే, ఆ నోటీసు రాస్తున్నంతసేపూ ఆయనకి భయం వేయలేదు. వేరే ఎవరిదో కాలేయం అన్నట్టు ఉంది. సంతకం ఆరాక మళ్లీ తనదైపోయింది.

అటెండరు మస్తాన్ వలీ నోటీసులన్నీ సంచిలో సర్దుకుంటూ అడిగాడు. “సార్, మీది మీకే ఇచ్చెయ్యనా?”

పానకాలరావు వేరే ఫైలు చూస్తున్నాడు. “నోటీసు ఇంటి దగ్గరే ఇవ్వాల. రూలు తెలీదా నీకు?”

“ఇంటికాడ మీరుండరు గద సార్. ఇక్కడున్నారు గద.”

“లేకపోతే ఏం చేస్తావు రోజూ? తలుపుకి అంటించి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకురా.”

ఇరవై నాలుగేళ్లుగా చెబుతున్న జవాబు కాబట్టి నోటి నుంచి దానంతటదే వచ్చింది. మస్తాన్ వలీ సైకిలెక్కి వెళ్లిన పావుగంటకి గాని, తాను ఏ తలుపుకి ఏం అంటించమన్నాడో పానకాలరావుకి వెలగలేదు. అప్పుడు బండి తీసుకుని ఇంటికి పరుగెత్తాడు.

వీధి మొదట్లోనే తెలిసిపోయింది. గుమ్మం ముందు పాతిక మంది ఉన్నారు. ప్లాన్లు చూసే పానకాలరావు ఇల్లే కూల్చేస్తున్నారట అన్న వార్త అప్పటికి మూడు వీధులు దాటింది. కొంతమంది ముఖాల్లో జాలి ఉంది. ప్లాను కోసం ఎప్పుడైనా ఆయన దగ్గరికి వెళ్లొచ్చిన వాళ్ల ముఖాల్లో ఇంకేదో ఉంది.

హైమావతి అరుగు మీద నిలబడి, తలుపు నుంచి ఊడబీకిన నోటీసు చేత్తో పట్టుకుని ఉంది.

“ఏందండీ ఇది? ట్రైగ్లిజరైడ్లు నూట పన్నెండు అదనంగా కట్టామంట. మనం ఏ అంతస్తులో కట్టాం?”

“లోపలికి పద హైమా, చెప్తాను.”

లోపల కూర్చున్నాక చెప్పాడు. నక్షత్రాలు, ఫోను చూపించిన పన్నెండు జబ్బులు, పార్కు స్థలాల రిజిస్టరు, అన్నీ చెప్పాడు. ఆవిడ నోటీసు కింద సంతకం వైపు చూస్తూ విన్నది.

“సంతకం మీదే గద?”

“నాదే.”

“మీ ఒంట్లో సంగతి మీకు మీరు ఉత్తరం రాసుకుని, నాకు తలుపు మీద చూపిస్తారా? నేను ఎదురింటావిడ చెప్తే బయటికొచ్చి చదివానండీ. ఎదురింటావిడ నాకన్నా ముందు చదివింది.”

“మా నాన్నకి యాభై రెండు, హైమా,” అన్నాడు పానకాలరావు. ఆ మాట ఆయన పైకి అనడం అదే మొదటిసారి.

హైమావతి కోపం కొంచెం దిగింది. నోటీసు మడిచి పక్కన పెట్టింది.

“మావయ్య గారికి పోయేదాకా ఒక్కళ్లన్నా రక్తం తీసి చూశారా? లేదు గద. మీకు చూశారు, ఫలానాది పెరిగిందని మూడేళ్లు ముందే చెప్పారు. సంతోషించాల్సింది పోయి రిజిస్టర్లో దాస్తారా? రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఇవాళ్టి కాడ్నించి ఆ ఫోను ముట్టుకుంటే ఊరుకోను.”

డాక్టర్ గ్రేస్ కుమారి పెద్ద వీధిలో చిన్న క్లినిక్ నడుపుతుంది. రోగి కంటే ముందు కాగితం చూసే రకం కాదు. పానకాలరావుని ఎగాదిగా చూసి, బీపీ చూసి, పొట్ట కుడి పక్క నొక్కి, అప్పుడు, రిజిస్టరులోంచి బయటికొచ్చిన రిపోర్టు అందుకుంది.

“పేరు పానకాలరావు. ఇంక షుగరు ఎందుకొచ్చిందని నన్నడిగితే నేనేం చెప్పనండీ?” అని నవ్వింది. తర్వాత, “రక్తం ఎన్నింటికి తీశారు?” అంది.

“ఏడింటికి తీస్తామన్నారండి. పరీక్షల శిబిరాన్ని కమిషనరు గారు ప్రారంభించాలి గద, ఆయన తొమ్మిదిన్నరకొచ్చారు. తీసేటప్పటికి పదిన్నరయింది.”

“అప్పటిదాకా ఏమీ తినలేదు గద?”

“చుక్క కాఫీ కూడా తాగలేదండి. ప్రారంభోత్సవం తప్ప.”

“ప్రారంభోత్సవంలో ఏం తిన్నారు?”

పానకాలరావు గుర్తు చేసుకున్నాడు. మిత భోజనం ఆవశ్యకత మీద కమిషనరు గారు నలభై నిమిషాలు మాట్లాడారు. తర్వాత అందరికీ అట్టపెట్టెలు పంచారు. ఒక లడ్డు, ఒక మైసూర్ పాక్, కాజా, జీడిపప్పు వేసిన కారపు బూందీ. కమిషనరు గారు తీపి మానేశారు కాబట్టి ఆయన పెట్టె కూడా పక్కనే ఉన్న పానకాలరావుకి ఇచ్చారు. పై అధికారి ఇచ్చింది మిగల్చడం బాగుండదు.

డాక్టరమ్మ కలం కింద పెట్టి నవ్వింది. హైమావతి నవ్వలేదు గాని, భర్త వైపు చూసిన చూపు నాలుగో నక్షత్రంలా ఉంది.

“రెండు లడ్లు, రెండు మైసూర్ పాకులు, రెండు కాజాలు తిని గంటలో రక్తమిస్తే ఇంతకన్నా ఏమొస్తదండీ? ఇది పరగడుపు లెక్క కాదు. అయినా పూర్తిగా ఆ లడ్ల మీదికి తోసెయ్యలేం,” అని ఇంకో పరీక్ష చేయించింది. మూడు నెలల షుగరు సగటు చూపించేది. అందులో అయిదు పాయింట్ తొమ్మిది వచ్చింది. “చూశారా, హద్దు మీద కాలు పెట్టారు, ఇంకా పూర్తిగా దాటలేదు. కాలేయానికి కొంచెం కొవ్వు పట్టింది. మీ పొట్టకి పట్టలేదా, అట్లాగే లోపల దానికీ పట్టింది. అన్నం సగం చేయండి, తీపి మానేయండి, రోజూ ముప్పావుగంట నడవండి. మూడు నెలల తర్వాత, ప్రారంభోత్సవం లేకుండా, మళ్లీ పరీక్ష చేద్దాం.”

“భయపడాల్సింది ఏమన్నా ఉందా అమ్మా?” అన్నాడు పానకాలరావు.

“భయపడాల్సింది లేదు. పట్టించుకోవాల్సింది ఉంది.”

వారం రోజుల్లో మొదటిసారి ఆయనకి ఆకలేసింది. హైమావతి సగమే పెట్టింది.

సోమవారం డాక్టరు చీటీ పట్టుకుని కమిషనరు గదిలోకి వెళ్లాడు. లడ్ల సంగతి, మూడు నెలల తర్వాత మళ్లీ కొలవాల్సిన సంగతి విన్నవించాడు.

“లడ్డు అధికారిక కార్యక్రమంలో భాగం,” అన్నారు మృత్యుంజయరావు గారు. “అధికారికంగా స్వీకరించిన పదార్థాన్ని వ్యక్తిగత అతిక్రమణకి కారణంగా చూపడం సమంజసం కాదు. ఇక రెండోది. మళ్లీ కొలవడమేమిటి? అక్రమంగా లేచిన మూడో అంతస్తుని ఇవాళ కొలిచి మూడు నెలల తర్వాత కొలిస్తే తగ్గి ఉంటుందా?”

“మేడ తగ్గదండి. రక్తంలోది తగ్గుతుందంట.”

“తగ్గితే అది కూల్చివేత కిందికి వస్తుంది. కూల్చివేతకి ముందస్తు ఉత్తర్వు ఉండాలి. మీ అంతట మీరు తగ్గించుకుంటానంటే కుదరదు.”

ఈలోగా సంజాయిషీలు వచ్చి పడ్డాయి. పన్నుల విభాగం గుమాస్తా తన కొలెస్ట్రాల్ పిత్రార్జితమని, తాత తండ్రుల కాలం నుంచి అనుభవంలో ఉందని రాశాడు. అసిస్టెంటు ఇంజనీరు తన షుగరు ఈ ఉత్తర్వు రాకముందే, అనగా పదకొండేళ్ల కిందటే ఏర్పడినది కనుక పాత నిబంధనలు వర్తింపజేయాలని ప్రార్థించాడు. సరోజిని, నిర్మాణ సామగ్రి సరఫరా లేనందున పని నిలిచినదని, తోటకూర వండుటకు ఉదయం పూట గంట అనుమతి ఇచ్చినచో పూర్తి చేయగలనని రాసింది. అన్నిట్లోకీ అదొక్కటే డాక్టరు మెచ్చుకునే జవాబు. దాన్ని తిరస్కరించారు.

ముప్పై ఏడుగురినీ కూల్చలేరు. కమిషనరు గారు మరోసారి కళ్లజోడు తీశారు. ఇళ్ల విషయంలో ఇట్లాంటి పరిస్థితి వస్తే ప్రభుత్వాలు ఏం చేస్తాయో అదే చేశారు. ‘రక్త అతిక్రమణల క్రమబద్ధీకరణ పథకం’ ప్రకటించారు. అపరాధ రుసుముగా, హద్దు దాటిన ఒక్కొక్క పాయింటుకి కార్యాలయ భవనం చుట్టూ అయిదు చుట్లు తిరగాలి. పని వేళల్లోనే, రోజుకి పది చుట్లు చొప్పున. మస్తాన్ వలీ వరండాలో కుర్చీ వేసుకుని పుస్తకంలో గీతలు పెడతాడు. లోటు ఉన్న వాళ్లు కూడా తిరగాల్సిందే. ఎందుకంటే లోటు కూడా హద్దు పాటించకపోవడమే.

పానకాలరావుకి షుగరులో పద్దెనిమిది, కొవ్వులో నూట పన్నెండు, కాలేయంలో ఇరవై ఎనిమిది, వెరసి నూట యాభై ఎనిమిది పాయింట్లు. ఏడు వందల తొంభై చుట్లు పడ్డాయి. పాత భవనం, దాని చుట్టూ పెద్ద ఆవరణ. పది చుట్లంటే మూడున్నర కిలోమీటర్లు. డెబ్బై తొమ్మిది పని దినాల శిక్ష.

మర్నాడు పదిన్నరకి ముప్పై ఏడుగురు ఉద్యోగులు నడక మొదలుపెట్టారు. మొదటి రోజు మూడో చుట్టుకే పానకాలరావుకి ఆయాసం వచ్చింది. పైపుల గుట్ట పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. వెనక నుంచి ఎవరో వచ్చి మోచెయ్యి పట్టుకున్నారు.

“ఇక్కడ నిలబడమాకండి సారూ, ఎండ కొడతది. నాలుగడుగులేస్తే జాంచెట్టు కింద నీడుంటది. ఈ మూల గుంట ఉంది, చూసుకోండి.”

డెబ్బై దాటిన మనిషి. తెల్ల పంచె, చంకలో ఫైలు. ఒంట్లో ఎక్కడా అదనంగా ఏమీ లేదు. ఆయన పేరు కోటిలింగం. బియ్యం మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు.

“ఈ దారి మీకు బాగా అలవాటున్నట్టుందే,” అన్నాడు పానకాలరావు.

“నాలుగేళ్లుగా ఈ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నానండీ. ముందు తలుపు కాడ అడిగితే వెనక తలుపు కాడికి పొమ్మంటారు, వెనకాల అడిగితే ముందుకి పొమ్మంటారు. ఏ రాయి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తా. ఇన్నాళ్లూ మేం ఒక్కళ్లమే తిరిగాం. ఇప్పుడు తమరు కూడా తోడొచ్చారు. సంతోషం.”

ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని పానకాలరావు ఆయన ముఖంలోకి చూశాడు. లేదు. నిజంగానే సంతోషపడుతున్నాడు.

కుర్చీల్లో ఎవరూ లేరు కాబట్టి పని మీద వచ్చిన జనం అధికారుల పక్కనే నడవసాగారు. నీటి పన్ను వాళ్లు పన్నుల గుమాస్తా పక్కన, జనన ధ్రువపత్రాల వాళ్లు సరోజిని పక్కన. కుర్చీలో కూర్చున్న అధికారికి ఏం చెప్పాలన్నా కిటికీలోంచి వంగి చెప్పాలి. నడిచే అధికారి మామూలు మనిషి ఎత్తులోనే ఉంటాడు. పైగా ఆయాసంలో ఉంటాడు కాబట్టి ఎదుటివాడి మాటకి మధ్యలో అడ్డు తగలలేడు. ఆ విధంగా గంగిరేవు పురపాలక సంఘంలో మొట్టమొదటిసారిగా జనం తమ గోడు మొదటి నుంచి చివరి దాకా చెప్పుకున్నారు.

కోటిలింగం రోజూ పానకాలరావు పక్కనే నడిచేవాడు. డాబా మీద ఒక గది వేసుకోవాలని ఆయన కోరిక. భార్యకి కిందింట్లో గాలాడదు.

“మరి ప్లాను ఎందుకాగింది?” అని మూడో రోజు అడిగాడు పానకాలరావు.

“ప్లానులో ఉత్తరం దిక్కు చూపించే బాణం ఎర్ర సిరాతో గీయాలంట సారూ. మావాడు నల్ల సిరాతో గీశాడు. ఎర్రది గీయించుకొస్తే దిద్దిన ప్లాను చెల్లదన్నారు. కొత్త ప్లాను తెస్తే పాత ఫైలు మూసేదాకా కొత్తది తెరిచేది లేదన్నారు. పాతది మూయాలంటే అందులో బాణం సరిగ్గా ఉండాలంట.”

“ఎవడు రాశాడది?” అన్నాడు పానకాలరావు కోపంగా.

కోటిలింగం మర్యాదగా ముందుకి చూస్తూ నడిచాడు. ఆ చుట్టు పూర్తయ్యేసరికి పానకాలరావుకి తన దస్తూరీ గుర్తొచ్చింది. తర్వాతి చుట్టులో ఆయనకి వచ్చిన చెమట అంతా నడక వల్ల వచ్చింది కాదు.

మరుసటి రోజు ఆ ఫైలు చేతిలో పట్టుకుని నడిచాడు. నాలుగేళ్ల ఫైలు, బరువుగా ఉంది. బల్ల మీద ఫైలుకి బరువు తెలియదు. చేత్తో మోసేవాడికే తెలుస్తుంది. ఏడో చుట్టులో జాంచెట్టు కింద ఆగి, అభ్యంతరం కొట్టేసి, ‘బాణము ఏ రంగుదైనను ఉత్తరము ఉత్తరమే కనుక’ అని రాసి, పైకి పంపించాడు. పైవాళ్లూ నడుస్తూనే ఉన్నారు, వాళ్లకీ చేతులు నొప్పులే. ఒక్క కోటిలింగం ఫైలే కాదు, రెండు నెలల్లో మూడు వందల ఫైళ్లు కదిలాయి.

కమిషనరు గారికి ఇది నచ్చలేదు. “పెండింగు ఈ వేగంతో తరిగిపోతే వచ్చే నెల సమీక్షా సమావేశం దేని మీద పెట్టాలి?” అని ఆందోళన వ్యక్తం చేశారు.

మూడు నెలలు గడిచాయి. పానకాలరావు బెల్టుకి మస్తాన్ వలీ మేకుతో రెండు కొత్త బెజ్జాలు పొడిచాడు. ఏడు వందల తొంభై చుట్లూ ముగిశాక, హైమావతి దగ్గరుండి పరగడుపున, ఏ ఉపన్యాసమూ లేకుండా, డాక్టరమ్మ క్లినిక్‌లో రక్తం ఇప్పించింది.

రిపోర్టు వచ్చే సాయంత్రం ఆయనకి మళ్లీ పాత గుబులు పట్టుకుంది. నడిచినన్నాళ్లూ చుట్లు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోయింది, భయపడటానికి తీరిక దొరకలేదు. ఇప్పుడు క్లినిక్ బల్ల మీద కూర్చుంటే అంతా తీరికే. ఫోను జేబులో ఉంది గాని ముట్టుకోలేదు. కవరు వస్తే హైమావతి చేతికే ఇచ్చాడు.

ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివింది. “కొవ్వు నూట నలభై ఒకటి. కాలేయం ముప్పై ఏడు. షుగరు నూట రెండు. దీని పక్కన మాత్రం నక్షత్రం ఉందండీ.”

“అది పోలేదా?” అన్నాడు పానకాలరావు.

“పోకపోతే పోకపోనీండి, ఒక్కటి ఉండనీండి. అది కూడా పోతే మీరు రేపే ఎక్కడో ఒకచోట ప్రారంభోత్సవానికి పోతారు.”

ఆయన ఆ కాగితం తీసుకుని నక్షత్రాన్ని చూశాడు. మూడు నెలల కిందట అది తన మరణ వార్తలా కనిపించింది. ఇప్పుడు చూస్తే అంకె పక్కన చిన్న గుర్తు, అంతే. రేపటి భోజనంలో అన్నం ఎంత పెట్టుకోవాలో చెబుతోంది. యాభై రెండు గురించి ఆలోచన రాకపోలేదు. వచ్చింది, కాసేపు కూర్చుంది, వెళ్లింది.

వారానికి ఆఫీసు వాళ్లందరి రిపోర్టులూ వచ్చాయి. ముప్పై ఏడుగురిలో దాదాపు అందరి అంకెలూ దిగొచ్చాయి. కమిషనరు గారు వెంటనే ఉత్తర్వు ఇచ్చారు. ‘అతిక్రమణలు తొలగినందున పథకము ముగిసినది. ఇకపై తగు కారణము లేకుండ కార్యాలయము చుట్టూ తిరుగు ఉద్యోగులపై క్రమశిక్షణా చర్య తీసుకొనబడును.’

పానకాలరావు ఉండబట్టలేక లోపలికి వెళ్లాడు. “సార్, నాకు ఇంకా షుగరులో రెండు పాయింట్లు మిగిలాయి. పది చుట్లు బాకీ ఉంటాను.”

“పది శాతంలోపు అతిక్రమణలని మనం ఏనాడైనా పట్టించుకున్నామా, పానకాలరావు గారూ?” అన్నారు మృత్యుంజయరావు గారు ఉదారంగా. “వెళ్లి హాయిగా కూర్చోండి.”

వెళ్లి కూర్చున్నాడు. అదే రోజు మధ్యాహ్నం కోటిలింగం ప్లాను ఆమోదమై వచ్చింది. ముద్ర వేసిన కాగితం చేతిలో పెడితే పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు. కానీ కదల్లేదు.

“ఏంది పెద్దాయనా, ఇంకా ఏమన్నా కావాలా?”

“గది వస్తది, బాగానే ఉంది సారూ. మరి రేపట్నించి నేనెక్కడ తిరగాలి? నాలుగేళ్లయింది. పదిన్నరయ్యేటప్పటికి కాళ్లు వాటంతటవే ఇటు లాగుతయి.”

పానకాలరావు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవరణ ఖాళీగా ఉంది. ఆయన కాళ్లు కూడా బల్ల కింద ఊరికే ఉండటం లేదు.

“పొద్దున్నే ఆరింటికి కరకట్ట మీదికి రండి. నేనూ వస్తాను. ఇద్దరం నడుద్దాం.”

కోటిలింగం ఆలోచనలో పడ్డాడు. “కరకట్ట మీద ఏ ఆఫీసుందండీ?”

“ఏ ఆఫీసూ లేదు.”

“ఆఫీసు లేకుండా ఊరికే తిరిగితే పనవుద్దంటారా?”

“అవుద్దనే అంటంది మా డాక్టరమ్మ.”

పెద్దాయనకి నమ్మకం కుదిరినట్టు లేదు. అయినా మర్నాడు ఆరింటికి ముందే వచ్చాడు. అలవాటు కొద్దీ చంకలో ఫైలు పెట్టుకునే వచ్చాడు.